ఏలూరు పేరు రాసిన పత్రాలు

రాజు గానీ, అధ్యక్షుడు గానీ, సేనాపతి గానీ, మంత్రి గానీ తన అధికారంతో రాయించి, ముద్ర వేయించి లేదా సంతకం చేసి, ఇతరులు దానికి కట్టుబడి నడుచుకోవాలని పంపిన రాతను చరిత్రకారులు అధికార పత్రం అంటారు. దానశాసనం, సంధి, సనదు, ఉత్తర్వు, రాజకీయ నాయకుల మధ్య నడిచిన ఉత్తరం అన్నీ ఈ పేరు కిందికే వస్తాయి. అమెరికాలో జార్జి వాషింగ్టన్, అబ్రహాం లింకన్ వంటి అధ్యక్షుల కాగితాలను జాతి సొత్తుగా చూసుకుంటారు. వాటి కోసం ప్రత్యేక గ్రంథాలయాలు కట్టుకున్నారు, బడి పిల్లలకు వాటి నకళ్లు చూపి చరిత్ర చెబుతారు. ఏలూరు, పెదవేగి, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల ప్రాంతానికి అటువంటి పత్రాల వరస సుమారు 1,600 ఏళ్లుగా ఉన్నది. అయితే వాటిలో కొన్ని రాగి రేకులు, కొన్ని పారసీ కాగితాలు, కొన్ని ఇంగ్లీషు సంధి గ్రంథాల పేజీలు, కొన్ని నిన్నమొన్నటి జీవోలు కావడం వల్లా, అవి ఒక్కొక్కటి ఒక్కొక్క నగరంలో ఉండిపోవడం వల్లా, ఇవన్నీ ఒకే నేలను గురించి రాసినవన్న సంగతి ఈ నేల మీద బతికేవారికే సరిగా అందలేదు. వాటిని కాలక్రమంలో పక్కపక్కన పెట్టి చదివినప్పుడు, ఎవరు ఇచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు అన్న మామూలు ప్రశ్నలతో పాటు మరొక ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది: ఈ నేల చేతులు మారిన ప్రతిసారీ ఆ పత్రం ఎవరిని ఉద్దేశించి మాట్లాడింది?

ఆ వరసలో ముందు చెప్పుకోవలసినది శాలంకాయన వంశపు రాజు విజయదేవవర్మ ఇచ్చిన రాగి రేకుల శాసనం. ఏలూరు ప్రాకృత శాసనమని దీనికి పేరు. ఇప్పటి పెదవేగి పరిసరాలే ఆనాటి వేంగీపురం. అక్కడినుంచి తన 13వ రాజ్యసంవత్సరంలో ఆ రాజు ఈ ఆజ్ఞ పంపించాడు. తాను చిత్రరథస్వామి పాదభక్తుడినని, అశ్వమేధం చేసినవాడినని రాజు చెప్పుకున్న ఈ రేకుల్లో ఊరి పేరు 'ఏలూర' అని ఉన్నది. ఆ ఊరిలో ఉండే బభుర గోత్రీకుడైన గణశర్మ అనే బ్రాహ్మణుడికి 20 నివర్తనాల భూమి దానంగా ఇచ్చినట్లు అందులో రాశారు. నివర్తనం అంటే ఆనాటి భూమి కొలత. ప్రాంతాన్ని బట్టి దాని పరిమాణం మారేది కాబట్టి ఇప్పటి ఎకరాల్లోకి కచ్చితంగా మార్చడం కుదరదు. భూమితో పాటు ఇంటి స్థలం కూడా ఇచ్చారు. దానం పుచ్చుకున్నవాడికే కాక, అతని పొలాన్ని సగం పాలుకు సాగుచేసే మనుషులకు కూడా ఇళ్ల స్థలాలు చూపించారు. రాజుల వైభవం, బ్రాహ్మణుల గోత్రాలు తప్ప మరేమీ ఉండవని దానశాసనాలను తీసిపారేసేవారు ఈ చిన్న వివరం దగ్గర ఆగాలి, ఎందుకంటే నేటి గోదావరి డెల్టాలో సేద్యమంతా ఎవరి భుజాల మీద నడుస్తున్నదో ఆ కౌలు రైతుల పూర్వీకులు 4వ శతాబ్దపు రాగి మీద ఇలా కనిపిస్తున్నారు.

ఈ శాసనం పలకరింపు ఇంకా విశేషమైనది. రాజు తన మాటను దానం పుచ్చుకున్నవాడితో చెప్పలేదు, తన కింది అధికారులతోనూ మొదలుపెట్టలేదు. ముతుడ అనే గ్రామపెద్ద మొదలుగా ఉన్న ఏలూర గ్రామస్థులకు ఈ సంగతి తెలియజేయాలని చెప్పాడు. అంటే రేకులు ఊరికి చేరినప్పుడు వాటిని పదిమంది ముందు చదివి వినిపించాలి. ఏ పొలం ఎవరికి పోయిందో, ఏ పన్నులు ఇక అడగకూడదో ఊరు వినాలి. అటువంటి పన్నుల మినహాయింపులను ఆనాటి భాషలో పరిహారాలు అనేవారు. శాసనం నడిచిన భాష ప్రాకృతం, అంటే సంస్కృతం కంటే జనం పలుకుకు దగ్గరగా ఉండే రాతభాష. దానాన్ని చెరిపేవారిని శపించే శ్లోకాలు మాత్రం చివర సంస్కృతంలో ఉన్నాయి. జర్మన్ పండితుడు హుల్ష్ ఈ రేకులను చదివి, భారత శాసనాల ప్రచురణ కోసం ప్రభుత్వం నడిపిన ఎపిగ్రాఫియా ఇండికా 9వ సంపుటంలో ప్రకటించాడు.

ఆ వంశానికే చెందిన నందివర్మ వేయించిన మరో రేకుల కట్టకు 'కొల్లేరు రేకులు' అని పేరుపడింది. అవి ఉత్తర సర్కారుల్లో పెద్ద అధికారిగా పనిచేసి, అమరావతి శిల్పాలను కూడా పోగుచేసిన వాల్టర్ ఎలియట్ చేతికి వచ్చాయి. ఫ్లీట్ అనే శాసన పండితుడు 1876లో ఇండియన్ యాంటిక్వరీ అనే పత్రికలో వాటి పాఠం ప్రకటించాడు. వీటి భాష సంస్కృతం. ఒకే వంశపు రాతపని ప్రాకృతం నుంచి సంస్కృతానికి ఎలా జరిగిందో ఏలూరు, కొల్లేరు రేకులను పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఈ రెంటిలోనూ ఒక చిక్కు ఉన్నది: రాజు గద్దెనెక్కిన తరువాత ఎన్నో ఏడు అన్నదే తప్ప శకసంవత్సరం లేదు. అందుకే గుప్త చక్రవర్తి సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభశాసనంలో వేంగి రాజు హస్తివర్మ పేరు ఉండడం ఆధారంగా శాలంకాయనుల కాలాన్ని 4వ శతాబ్దానికి చేర్చి లెక్కకట్టారు. సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరాన రాతికంబం మీద చెక్కిన ఒక్క పేరు లేకపోతే పెదవేగి రాజుల కాలం ఇంకా అంధకారంలోనే ఉండేది.

శాలంకాయనుల తరువాత కొంతకాలానికి వేంగి చాళుక్యుల వశమైంది. రెండో పులకేశి విజయాలను చెప్పే, క్రీస్తుశకం 634 ప్రాంతపు ఐహోళె శాసనంలో కునాళ సరస్సు దగ్గర జరిగిన యుద్ధం ప్రస్తావన ఉన్నది. ఆ సరస్సు కొల్లేరేనని చరిత్రకారుల అభిప్రాయం. పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడు మొదలుపెట్టిన తూర్పు చాళుక్య వంశం రాగి రేకులను ఇబ్బడిముబ్బడిగా వేయించింది. వాటి నిర్మాణం తెలుసుకోదగ్గది. పొడవాటి రేకులకు ఒక పక్క రంధ్రం చేసి, అందులోంచి రాగి వలయం దూర్చి, వలయపు రెండు కొసలను ఒక గుండ్రని ముద్రలో కరిగించి అతికేవారు. ముద్ర మీద వరాహం, సూర్యచంద్రులు, ఏనుగు అంకుశం, పద్మం, మధ్యలో 'శ్రీ త్రిభువనాంకుశ' అనే బిరుదు ఉండేవి. వలయం కోయకుండా దొరికిన రేకుల మధ్య కొత్త రేకు చొప్పించడం, ఉన్నదాన్ని మార్చడం అసాధ్యం. అందువల్ల ఒక కట్ట దొరికినప్పుడు వలయం తెగి ఉన్నదా లేదా అన్నది పండితులు ముందుగా చూస్తారు. ఈ శాసనాల్లో 'ఆజ్ఞప్తి' అనే పదం తరచు కనిపిస్తుంది. రాజాజ్ఞను అమలు జరిపే బాధ్యత ఎవరిదో చెప్పే పదం అది. రాజు పేరు ఘనంగా రాసి ఊరుకోకుండా, పని ఎవరు చేయాలో కూడా రేకు మీదే చెప్పడం ఆనాటి పాలనలోని పట్టును చూపిస్తుంది. ముందున్న రాజులు ఒక్కొక్కరు ఎన్నేళ్లు ఏలారో కూడా వీటిలో వరసగా రాసిపెట్టారు. వేంగి చరిత్రకు నేడున్న కాలపట్టికలో అధికభాగం ఆ లెక్కల మీద కట్టిందే.

సంతకం విషయంలో అమెరికా పత్రాలతో ఒక పోలిక ఇక్కడ ఉపయోగపడుతుంది. అమెరికా ప్రభుత్వం తన భూములను జనానికి అమ్మినప్పుడు ఇచ్చే పట్టా మీద తొలి రోజుల్లో అధ్యక్షుడే స్వయంగా సంతకం చేసేవాడు. పట్టాలు వేల సంఖ్యలో పేరుకుపోయి అధ్యక్షుడి చేయి చాలకపోవడంతో, అధ్యక్షుడి పేరు మీద ఒక కార్యదర్శి సంతకం చేయవచ్చునని 1833 మార్చి 2న చట్టం చేశారు. అందువల్ల 1833 తరువాతి భూమి పట్టా మీద లింకన్ పేరు ఉన్నంత మాత్రాన అది లింకన్ చేతిరాత అనుకోకూడదు. కానీ పట్టా చెల్లుబాటుకు అందువల్ల లోటేమీ లేదు. విజయదేవవర్మ కూడా రేకు మీద ఒక్క అక్షరం చెక్కి ఉండడు. చెక్కినవాడు శిల్పి, రాసిచ్చినవాడు లేఖకుడు. చేతిరాత రాజుదా కాదా అన్నది సేకరణదారులకు ముఖ్యం. ఊరికి మాత్రం ముద్ర, ముద్ర వెనుక నిలబడిన అధికారం ముఖ్యం.

ఆ అధికారమే ఎవరిదో తెలియని పరిస్థితి 18వ శతాబ్దంలో వచ్చింది. అప్పటికి ఈ ప్రాంతానికి 'ఏలూరు సర్కారు' అని పేరు. సర్కారు అంటే మొగలుల పాలనలో కొన్ని పరగణాలు కలిపిన రెవెన్యూ విభాగం. నేటికీ వాడుకలో ఉన్న 'సర్కారు జిల్లాలు' అనే మాట దానినుంచే వచ్చింది. హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ తన దగ్గర ఉన్న ఫ్రెంచి సైన్యానికి జీతాలు చెల్లించలేక, ఆ ఖర్చు కోసం 1753లో ముస్తఫానగరం అనే కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీ చేతుల్లో పెట్టాడు. ఈ ఒక్క పత్రంతో కొల్లేటి ఒడ్డున పండిన వరి మీద శిస్తు, ఎక్కడో ఔరంగాబాదులో విడిసిన ఫ్రెంచి సిపాయిల జీతంగా మారింది.

ఆరేళ్లు తిరక్కుండానే ఆ పత్రం చెల్లకుండా పోయింది. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారిని ఓడించిన కల్నల్ ఫోర్డ్ మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం కోటను పట్టుకోగా, ఫ్రెంచివారికి సాయంగా బయలుదేరి వచ్చిన సలాబత్ జంగ్ 1759 మే 14న ఇంగ్లీషువారితో ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. ఆ ఒప్పందం రూపం మామూలు సంధిలా ఉండదు. ఫోర్డ్ అడిగిన కోరికలు ఒకదాని కింద ఒకటి, వాటికి నవాబు స్వహస్తంతో ఇచ్చిన సమ్మతి, దైవం మీద ప్రమాణంతో సహా ఉంటాయి. మచిలీపట్నం సర్కారును ఎనిమిది జిల్లాలతో పాటు, నిజాంపట్నం సర్కారును కూడా ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి ఇనాముగా ఇవ్వడం, ఫ్రెంచి సైన్యాన్ని 15 రోజుల్లో కృష్ణ దాటించి పంపడం అందులోని ముఖ్యాంశాలు. యుద్ధంలో ఓడకపోయినా చుట్టుముట్టిన భయంతో ఒక పాలకుడు తన చేతితోనే రాసిచ్చిన కాగితం అది. చరిత్ర గ్రంథాల్లో ఒక వాక్యంలో దాటిపోయే ఈ ఘట్టం, మూలపత్రం ఆకారాన్ని చూసినప్పుడు కళ్లకు కట్టినట్లు అర్థమవుతుంది.

అసలు కథ 1765లో మొదలైంది. మొగల్ చక్రవర్తి షా ఆలం ఆ ఏడాది ఆగస్టు 12న బెంగాల్ దివానీని, అంటే ఆ రాష్ట్రపు శిస్తు వసూలు హక్కును, కంపెనీకి ఇస్తూ ఫర్మానా జారీచేశాడు. దానితో పాటే ఉత్తర సర్కారులను కూడా కంపెనీకి ఇస్తూ మరొక ఫర్మానా వెలువడింది. ఫర్మానా అంటే చక్రవర్తి స్వయంగా ఇచ్చే ఆజ్ఞ. కింది పాలకులు ఇచ్చేది పర్వానా, హక్కును ధ్రువీకరించి చేతికిచ్చే పత్రం సనదు. చక్రవర్తి రాజ్యసంవత్సరాన్ని, హిజ్రీ మాసాన్ని, తేదీని వేయడం ఫర్మానా పద్ధతి. ఏలూరు రాగి రేకు లాగే ఇదీ రాజ్యసంవత్సరాన్నే చెప్పినా, హిజ్రీ తేదీ తోడు ఉండడం వల్ల ఇప్పటి క్యాలెండరులో రోజుతో సహా చెప్పగలుగుతున్నారు. పద్ధతి ఇంత పకడ్బందీగా ఉన్నా ఒక వెలితి ఉన్నది: షా ఆలం అప్పటికి అలహాబాదులో కంపెనీ అండన బతుకుతున్నాడు, ఏలూరు సర్కారు మీద ఆయనకు కాసంత పెత్తనం కూడా లేదు. తనది కానిదాన్ని ఇచ్చే చక్రవర్తి, ఆ సంగతి తెలిసీ ముద్ర ఉన్న కాగితం కోసమే ఆరాటపడే కంపెనీ కలిసి తయారుచేసిన పత్రం అది.

1766 మార్చిలో కంపెనీ ఆ ఫర్మానాను మచిలీపట్నంలో ప్రకటించి, జనరల్ కాలియోడ్ నాయకత్వంలో కొండపల్లి కోటను ఆక్రమించగానే, సలాబత్ జంగ్ తరువాత హైదరాబాదు గద్దెనెక్కి, సర్కారుల మీద నిజమైన హక్కుదారుడైన నిజాం అలీ ఖాన్ యుద్ధానికి సిద్ధపడ్డాడు. యుద్ధం తప్పించడానికి మరొక కాగితం అవసరమైంది. అదే 1766 నవంబరు 12న హైదరాబాదులో కుదిరిన సంధి. ఏలూరు, శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ముస్తఫానగరం, గుంటూరు అనబడే ముర్తజానగరం సర్కారులను నిజాం కంపెనీకి ఇచ్చాడు. ప్రతిగా కంపెనీ అవసరమైనప్పుడు సైన్యం పంపాలి, సైన్యం అక్కర్లేని ఏడు డబ్బు చెల్లించాలి. రాజమహేంద్రవరం, ఏలూరు, ముస్తఫానగరం మూడింటికీ కలిపి ఏటా 5 లక్షలు, శ్రీకాకుళానికి 2 లక్షలు, గుంటూరుకు 2 లక్షలు, మొత్తం 9 లక్షల రూపాయలని లెక్క తేల్చారు. ఈ రాయబారాల్లో కందరేగుల జోగిపంతులు అనే దుబాసీ పాత్ర పెద్దది. దుబాసీ అంటే రెండు భాషలు తెలిసి ఇరుపక్షాల మధ్య మాట నడిపేవాడు. చక్రవర్తి ముద్ర, నిజాం ముద్ర, కంపెనీ సంతకం కనిపించే చోట ఆ మాటలను పారసీలోకి, ఇంగ్లీషులోకి మోసిన తెలుగువాడి చేయి కనిపించదు. గుంటూరు నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ అనుభవంలో ఉండిపోయి 1788లో గానీ కంపెనీకి దక్కలేదు. కంపెనీ చెల్లించే ఈ కప్పాన్నే పేష్కష్ అన్నారు. 1768 సంధిలో దాన్ని తగ్గించుకుని, చివరికి 1823లో 11,66,666 రూపాయలు ఒకేసారి చెల్లించి పూర్తిగా వదిలించుకున్నారు.

1803లో అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ కాలంలో ఫ్రాన్సు దగ్గర లూసియానాను కోటిన్నర డాలర్లకు కొన్న సంధిపత్రాన్ని అమెరికన్లు తమ చరిత్రలోని మహాపత్రాల్లో ఒకటిగా చూపుతారు. అక్కడి ఆదిమజాతుల నేలను వారిని అడగకుండానే పారిస్‌లో బేరం చేశారన్న నిజాన్ని నేటి అమెరికా చరిత్రకారులు దాచడం లేదు. ఏలూరు విషయంలోనూ అదే జరిగింది. ప్రాకృత శాసనం ఏలూర గ్రామస్థులను పిలిచి మాట చెప్పింది. 1753 నుంచి 1823 వరకు నడిచిన ఇన్ని ఫర్మానాల్లో, సంధుల్లో ఏలూరు పేరు ఉన్నది గానీ ఏలూరివారితో చెప్పిన మాట ఒక్కటీ లేదు. చదువు, సైన్యం, వాణిజ్యం ఎంతో పెరిగిన 1,400 ఏళ్ల తరువాత పత్రం ఊరిని మరచిపోవడం చిన్న విషయం కాదు. 1802లో కంపెనీ శాశ్వత శిస్తు ఏర్పాటు చేసి, జమీందార్లకు 'మిల్కియత్ ఇస్తిమ్రార్' సనదులు ఇచ్చి, వారి దగ్గర కబూలియత్తులు, అంటే ఒప్పుదల పత్రాలు, తీసుకున్నప్పుడు కూడా రైతు రెండో స్థానంలోనే ఉన్నాడు. జమీందారు రైతుకు పట్టా ఇవ్వాలని అదే ఏడు మరొక నిబంధన చేశారు. అది సరిగా అమలు కావడానికి చట్టాల మీద చట్టాలు, చివరికి 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టం అవసరమయ్యాయి.

ఇటువంటి పత్రాలను వెతికి, చదివి, పోగుచేసే పని మొదలుపెట్టిన తొలి తెలుగువారిలో ఏలూరివారే ముందున్నారన్నది ఈ ప్రాంతం గర్వంగా చెప్పుకోవలసిన విషయం. కావలి వెంకట బొర్రయ్య 1776లో ఏలూరులో పుట్టాడు. సర్వేయరుగా దక్కను దేశమంతా తిరుగుతున్న కాలిన్ మెకంజీ దగ్గర కుర్రతనంలోనే చేరి, గ్రామాల్లో కరణాలను, పూజారులను, పెద్దలను కలిసి, శాసనాలకు నకళ్లు తీయించి, ఎవరూ చదవలేకపోతున్న పాత కన్నడ లిపిని ఛేదించి, సహాయకుల దండును తయారుచేశాడు. 1803లో, ముప్పై ఏళ్లయినా నిండకుండానే, అతను చనిపోయాడు. సముద్రతీరాన అతని స్మారకం కట్టించిన మెకంజీ, 1817 ఫిబ్రవరి 1న అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన ఉత్తరంలో, ఈ బ్రాహ్మణ యువకుడితో పరిచయమే తనకు భారతీయ విజ్ఞాన ద్వారంలోకి తొలి అడుగు అయిందని ఒప్పుకున్నాడు. అప్పటికే భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయిన అధికారి ఒక ఏలూరు కుర్రవాడి రుణాన్ని కాగితం మీద పెట్టిన ఆ ఉత్తరం, ఏ అధ్యక్షుడి ఉత్తరానికీ తీసిపోదు.

బొర్రయ్య తరువాత పని భారం తమ్ముడు లక్ష్మయ్య మీద పడింది. మరొక సోదరుడు రామస్వామి 1829లో దక్కను కవుల జీవితాలను ఇంగ్లీషులో గ్రంథంగా ప్రకటించి, అందులో బొర్రయ్యను కూడా తలచుకున్నాడు. వీరి మనుషులు ఊరూరా తిరిగి రాయించిన స్థానిక చరిత్రలనే కైఫియతులు అంటారు. ఊరు ఎలా పుట్టింది, గుడి ఎవరు కట్టారు, ఏ పాలకుడు ఏ ఇనాము ఇచ్చాడు, చెరువు ఎప్పుడు తెగింది అన్నవి కరణాల దగ్గరి దండకవిలెల ఆధారంగా రాసుకున్నారు. దండకవిలె అంటే తరతరాలుగా గ్రామ లెక్కలు, సంగతులు రాసిపెట్టిన తాటాకుల కట్ట. మెకంజీ 1821లో చనిపోయేనాటికి 8,076 శాసనాల నకళ్లు, 2,070 స్థానిక చరిత్రలు పోగయ్యాయి. వాటిని ప్రభుత్వం ఆయన భార్య దగ్గర కొని లండన్, కలకత్తా, మద్రాసులకు పంచింది. సంకలనాన్ని కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకు రాగా, అతని యోగ్యతలే కాదు, ఏ భారతీయుడి యోగ్యతలూ ఇంత పనికి చాలవన్న భావంతో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ 1836లో ఆ ప్రతిపాదనను తోసిపుచ్చింది. పోగుచేసిన చేతులనే పనికిరావని పక్కకు నెట్టిన అన్యాయం అది. ఆ పనికి భారతీయులు ఎంత సమర్థులో చెప్పడానికి లక్ష్మయ్య మనుషులు ఊళ్లనుంచి తెచ్చిన కైఫియతులే చాలు. వాటిలో తెలుగు కైఫియతులకు నకళ్లు రాయించి, బైండు చేయించి కాపాడిన ఘనత సి.పి. బ్రౌన్‌ది.

అమెరికాలోనూ పాత కాగితాలకు ఇటువంటి ఒడిదొడుకులు తప్పలేదు. వాషింగ్టన్ కాగితాలను ప్రభుత్వం ఆయన వారసుల దగ్గర 1834లోను, 1849లోను డబ్బిచ్చి కొనవలసి వచ్చింది, ఎందుకంటే అధ్యక్షుడి కాగితాలు ఆయన సొంత ఆస్తి అన్న ఆచారం అక్కడ చాలాకాలం నడిచింది. అధ్యక్షుడు నిక్సన్ కాగితాల మీద వచ్చిన వివాదం తరువాత 1978లో చేసిన చట్టంతో, 1981 నుంచి అధ్యక్షుల అధికార కాగితాలన్నీ ప్రజల సొత్తయ్యాయి. భారతదేశంలో 1891లో కలకత్తాలో మొదలైన రికార్డుల శాఖే నేటి ఢిల్లీ జాతీయ అభిలేఖాగారం. ప్రభుత్వ రికార్డులను నాశనం చేసినవారికి అయిదేళ్ల వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా వేయవచ్చునని 1993 నాటి చట్టం చెబుతుంది. సంధుల విషయానికి వస్తే, మూలపత్రాలు చూడలేని సామాన్య పాఠకుడికి 1860లలో ఐచిసన్ అనే అధికారి సంకలనం చేసిన సంధుల, సనదుల గ్రంథం నేటికీ పెద్ద ఆధారం; ఏలూరు సర్కారు చేతులు మారిన కథ అందులో చదవవచ్చు. అది ఇంగ్లీషు అనువాదమన్న సంగతి మాత్రం మరవకూడదు. ఇనాము అన్న మాటకు పారసీలో ఉన్న బరువు, ఇంగ్లీషులో బహుమానం అని రాస్తే మారిపోతుంది.

20వ శతాబ్దపు పత్రాలు అందరికీ తెలిసినవే కాబట్టి వాటిని విస్తరించనక్కర్లేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు చేసిన పెద్దమనుషుల ఒప్పందం మీద ఆంధ్ర పక్షాన బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్నలతో పాటు పశ్చిమ గోదావరి నాయకుడు అల్లూరి సత్యనారాయణరాజు సంతకం ఉన్నది. 2014 రాష్ట్ర విభజన చట్టంలోని 13వ షెడ్యూలు, ఆంధ్రప్రదేశ్‌లో జాతీయ విద్యాసంస్థలు నెలకొల్పుతామని చెప్పిన మాటకు చట్టరూపం; తాడేపల్లిగూడెంలో 2015లో మొదలైన ఎన్ఐటీ ఆ మాట ఫలమే. రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాల రన్‌వే ఉన్న ఊళ్లో ఇప్పుడు ఒక చట్టపు షెడ్యూలులోని పంక్తి తరగతి గదులుగా నిలబడింది.

కొల్లేటివారికి వీటన్నిటికన్నా దగ్గరి పత్రం 1999 అక్టోబరు 4 నాటి జీవో 120. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన కాంటూరు రేఖ లోపలి 308.55 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించిన ఉత్తర్వు ఇది. కాంటూరు అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ పటం మీద గీసే గీత. 1970లలో ప్రభుత్వమే మత్స్యకారుల సహకార సంఘాలకు చేపల చెరువులు చూపింది. 2006లో ఆ గీత లోపలి చెరువు గట్లను ప్రభుత్వమే కొట్టించింది. పక్షులకూ నీటికీ కొల్లేరు మిగలాలన్నది నిజం, కొల్లేరు మిగలకపోతే చుట్టూ ఉన్న డెల్టా వరదకు తట్టుకోలేదు. లంక గ్రామాల్లో ఉన్నవారికి ఒక ప్రభుత్వ కాగితం ఇచ్చినదాన్ని మరొక ప్రభుత్వ కాగితం తీసుకున్నదన్నదీ అంతే నిజం. 'ఐదో కాంటూరు' అన్న మాట లంకల్లో చదువురాని ముసలివారి నోట కూడా పలుకుతుంది. నేల మీద కనిపించని గీత ఒకటి కాగితం మీద ఉండడం వల్ల బతుకులు ఎలా మారతాయో వారికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఏలూరు చుట్టుపక్కల ఇళ్లలో పాత దస్తావేజులు, జమీందారీ పట్టాలు, శిస్తు రశీదులు, తాటాకు కట్టలు ఇంకా ఉన్నాయి. ఇంట్లో పెద్దలు పోయాక వాటిని చిత్తుకాగితాలుగా అమ్మేయడం, లేదా ప్రేమకొద్దీ ప్లాస్టిక్ లామినేషన్ చేయించడం జరుగుతున్నది. వేడి ప్లాస్టిక్‌లో చిక్కిన పాత కాగితాన్ని మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం కాబట్టి, రెండోది కూడా మొదటిదానంత నష్టమే. మడతలు విప్పి, ఫొటోలు తీసుకుని, పొడి గుడ్డ సంచిలో ఉంచడం మేలు. చేపల చెరువుకో ఇంటి పునాదికో తవ్వుతుండగా రాగి రేకులు బయటపడితే, 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. వాటిని చింతపండుతో గానీ ఇసుకతో గానీ తోమకూడదు, అలా తోమితే అక్షరాల అంచులు అరిగిపోతాయి. వలయం తెగకపోతే దాన్ని అలాగే ఉంచి, ఎంత లోతులో, ఏ పొలంలో, ఏ వైపు దొరికిందో అదే రోజు రాసిపెట్టాలి. చదివే పండితుడు వచ్చినప్పుడు రాజు ఎవరని అందరూ అడుగుతారు. దానితో పాటు ఆ రేకు ఏ ఊరివారిని పేరుపెట్టి పిలిచిందో కూడా అడిగి, ఆ పేరును ఆ ఊరి బడిలో రాసి ఉంచాలి.